ఫారంలో రాయించని డాక్టరు

బీమా ఏజెంటు రీజస్ సబోల్ వస్తున్నాడని బెర్నడెట్ హుడాక్ వంటింటి బల్ల రెండుసార్లు తుడిచింది. అక్రోట్లు పెట్టి చుట్టిన రొట్టె కోసి ప్లేటులో సర్దింది. ముప్పయ్యేళ్ళు బడి క్యాంటీన్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్తి కాఫీతో సాగనంపడం ఆమెకు చేతకాదు.

ఆమెకూ భర్త లెనర్డుకూ ఉన్న ఆరోగ్య బీమాను ఆ డిసెంబరుతో ఎత్తేస్తున్నామని కంపెనీ ఉత్తరం రాసింది. పెద్దవాళ్ళకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ కింద కొత్తది ఎంచుకోవాలి. అక్టోబరు మొదలైనప్పటి నుంచీ ఉత్తరాల పెట్టెలో రోజుకు ఐదారు రంగు కాగితాలు వచ్చి పడుతున్నాయి. ప్రతిదాని మీదా ఒక ముసలి జంట, ముప్పైరెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతూ. వాటితో కుస్తీ పట్టడం తన వల్ల కాదని తేల్చుకుని ఆమె రీజస్‌కు ఫోన్ చేసింది.

కోల్టన్ రన్ ఊళ్ళో అందరూ రీజస్‌కే చేస్తారు. తనకు కమీషను ఎక్కువొస్తుందని పనికిరాని పాలసీ అంటగట్టే రకం కాదు. చిక్కల్లా ఒక్కటే. ఆ ఊళ్ళో మంటలార్పేది జీతాల్లేని ఊరివాళ్ళే. ఆ దళానికి చీఫ్ కూడా రీజసే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ దళం ఫైరింజను నడిపేది లెనర్డ్.

ఆ వేసవిలో పిట్స్‌బర్గ్‌లో నరాల డాక్టరు గ్రీర్ లెనర్డుకు పార్కిన్సన్స్ జబ్బని చెప్పింది. కారు వరకూ ఫరవాలేదు గానీ పెద్ద బండి ఇక మానెయ్యమంది. లెనర్డ్ బుద్ధిగా తలూపాడు. కారెక్కగానే, ఈ మాట బయటికి పొక్కితే తాను బతికున్నా చచ్చినట్టేనన్నాడు. బెర్నడెట్ మాటిచ్చింది. అలా ఇవ్వడం తప్పని ఆమెకు అప్పుడే తెలుసు. అప్పటి నుంచీ మంటల కబుర్లు వినిపించే పేజరు అతని నడుము దగ్గర మోగి, అతను పరుగెత్తిన ప్రతిసారీ ఆమె జపమాల పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది. ఇంజను క్షేమంగా తిరిగొచ్చిందని తెలిస్తే తప్ప ముద్ద దిగేది కాదు.

రీజస్ కళ్ళజోడు పెట్టుకుని ఫారం తీశాడు.

"మీరు చూపించుకునే డాక్టర్ల పేర్లన్నీ చెప్పు బెర్నీ. ఒక్కళ్ళని కూడా వదలకు. ఈ పాలసీలతో వచ్చే తంటా అదే. వాళ్ళ జాబితాలో లేని డాక్టరు దగ్గరికెళ్ళారనుకో, కంపెనీ ముఖం తిప్పుకుంటుంది."

ఆమె ఊళ్ళో డాక్టరు పేరు చెప్పింది. కళ్ళ డాక్టరు పేరు చెప్పింది. బీపీ మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు రాయించింది. వణుకుకి వేసుకునే మాత్రలు మాత్రం రాయించలేదు. వాటిని ఆమె రెండు ఊళ్ళవతల, తనను ఎరగని మందుల షాపులో కొంటోంది.

"ఇంకెవరూ లేరా?"

"ఇంకెవరుంటారు?"

"లెన్, నీకేమైనా ఉందా?"

"ఉంది. ఇంకో ముక్క రొట్టె తినాలనుంది. అదీ రాసుకో," అన్నాడు లెనర్డ్. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

రీజస్ నవ్వి, తనకు చెప్పిన వివరాలకు సరిపోయే పాలసీయే చూపించాడు. ఇద్దరు డాక్టర్లూ ఉన్నారు, దగ్గర్లో ఆసుపత్రి ఉంది, పళ్ళకూ కళ్ళజోడుకూ కూడా కడతారు. లెనర్డ్ సంతకం చేశాడు. ఒకప్పుడు గీత దాటి పోయే సంతకం చీమల బారంత చిన్నదైపోయింది. రీజస్ దాన్ని కాసేపు చూశాడు.

"ఏదైనా మర్చిపోతే ఇప్పుడే చెప్పండి," అని మూడోసారి అడిగాడు.

ఏమీ లేదంది బెర్నడెట్. వెళ్ళేటప్పుడు మిగతా రొట్టె కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది. అబద్ధమాడిన సిగ్గుకి అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

మార్చి మధ్యలో డాక్టరు గ్రీర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మీ కొత్త పాలసీ మా దగ్గర చెల్లదన్నారు. మార్చి ముప్పై ఒకటిలోగా ఒకే ఒక్కసారి మార్చుకునే వీలుంది, మీ ఏజెంటుతో మాట్లాడండి అన్నారు.

బెర్నడెట్ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఆ డాక్టరమ్మ మందు మోతాదు సరిచేశాకే లెనర్డ్ తన చొక్కా గుండీలు తాను పెట్టుకోగలుగుతున్నాడు. పాలసీ జాబితాలో నరాల డాక్టరు ఒకాయన ఉన్నాడు గానీ, కొత్త రోగులకు సెప్టెంబరు దాకా ఖాళీ లేదట.

రీజస్‌ను తప్పించుకోవడానికి ఆమె టీవీ బీమా ప్రకటనలో చూపించే నంబరుకు చేసింది. అవతలివాడు తేనె పూసిన గొంతుతో అమ్మా అమ్మా అంటూ పది నిమిషాల్లో ఇంకో పాలసీ ఖాయం చెయ్యబోయాడు. గ్రీర్ పేరుందా అని అడిగితే, పెద్ద డాక్టర్లంతా ఉన్నారమ్మా అన్నాడు. సరే అనబోయి, ఎందుకో ఒక్కరోజు ఆగమంది. మర్నాడు డాక్టరు ఆఫీసులో కనుక్కుంటే అదీ చెల్లదని తేలింది. ఉన్న ఒక్క అవకాశం కొద్దిలో చేజారిపోయేది.

"రీజస్‌తో చెప్పేస్తాను," అంది ఆ సాయంత్రం.

"చెప్తే నా పేజరు లాక్కుంటాడు."

"చెప్పకపోతే నీ డాక్టరమ్మ పోతుంది."

"పోనీ. లోకంలో ఆవిడొక్కతేనా డాక్టరు?"

"సెప్టెంబరు దాకా నీ గుండీలు నేను పెడతానులే. అన్నం కూడా తినిపిస్తాను. గడ్డం ఎవరు గీస్తారు?"

అతను నవ్వలేదు. "నేను పనిచేసిన మిల్లు మూశారు. మోకాళ్ళు పోయాయి. ఆ ఇంజను తప్ప నాకేం మిగిలింది, బెర్నీ?"

నేను లేనా అన్న మాట ఆమె నాలుక మీదే ఆగిపోయింది. చాలా నొచ్చుకుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు కూడా మాట్లాడేది కాదేమో గానీ, మార్చి ఆఖరి వారం వచ్చేసింది.

ఈస్టరుకు ముందు మాంసం మానే తపస్సుకాలంలో శుక్రవారం వచ్చిందంటే ఊరంతా చేపల వేపుడు కోసం దళం వాళ్ళ ఫైర్ హాల్లోనే ఉంటుంది. ఆడవాళ్ళు బంగాళదుంప కూరిన పియరోగీలు ఒత్తుతారు. రీజస్ వెనకవైపు నూనె మూకుళ్ళ దగ్గర నిలబడతాడు. లెనర్డ్ ఇంజను డ్రైవర్ల బల్ల దగ్గర కూర్చుని, ఒంటిచేత్తో తింటూ, అవే పాత కథలు చెబుతాడు. ఆ శుక్రవారం బెర్నడెట్ ఏప్రను విప్పకుండానే రీజస్ దగ్గరికి వెళ్ళి, మడత పెట్టిన కాగితం చేతికిచ్చింది. డాక్టరు పేరు, మాత్రల పేర్లు, జబ్బు పేరు.

అతను చదివి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం పొద్దున్నే మార్చేద్దాం. గ్రీర్ ఉన్న పాలసీ ఒకటుంది. పళ్ళకి కట్టరు."

"పళ్ళు ఎటూ ఊడిపోయేవే. రీజస్, నీకు కోపం రాలేదా?"

"అక్టోబరులో మూడుసార్లు అడిగాను గదా. రెండుసార్లు ఏజెంటుగా అడిగా. మూడోసారి ఆ సంతకం చూసి అడిగా." అతను చేపముక్క తిప్పాడు. "నాలుగోసారి అడగాల్సింది. ధైర్యం చాల్లేదు. ఐదు నెలలు వాణ్ణి ఆ సీట్లో కూర్చోనిచ్చాను."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఈ కాగితం ఏజెంటుకిచ్చావు. ఏజెంటు నోరు విప్పకూడదు. చీఫ్‌కి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరన్నా చెప్పాలి, బెర్నీ."

ఆమె జవాబు వెతుక్కుంటూ ఉండగానే పైకప్పు మీద సైరను మోగింది. హాల్లో నడుములకున్న పేజర్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. క్రీక్ రోడ్డులో ఇల్లు అంటుకుంది, లోపల మనుషులు.

కుర్చీలు జరిగాయి. అందరికంటే ముందు లేచింది లెనర్డే. రీజస్ పట్టకారు కింద పెట్టి, ఆమె వైపు చూశాడు. క్రీక్ రోడ్డు అంతా మలుపులు. ఇంజనులో వెనక ఐదుగురు కూర్చుంటారు, వాళ్ళలో ముగ్గురికి చిన్నప్పుడు బడిలో అన్నం పెట్టింది ఆమే.

"లెన్," అంది బెర్నడెట్. "కూర్చో. నీ చెయ్యి వణుకుతోంది."

హాలంతా విన్నది. లెనర్డ్ తలుపు దగ్గర ఆగిపోయాడు. ఆమె వైపు చూసిన చూపు నలభై నాలుగేళ్ళ కాపరంలో ఆమె ఎన్నడూ ఎరగనిది. డానీ చోమా, ఇంజను నడపడం లెనర్డ్ దగ్గరే నేర్చుకున్న నలభై ఏళ్ళవాడు, ఏం చెయ్యాలో తెలియక అతని ముందు నిలబడ్డాడు.

"నన్నేం చూస్తావు? వెళ్ళు," అన్నాడు లెనర్డ్. "నువ్వే నడుపు."

రీజస్ దళం కోటు తొడుక్కుంటూ పరుగెత్తాడు. ఇంజను గర్జించి వెళ్ళిపోయింది. సగం ఖాళీ అయిన హాల్లో మిగిలినవాళ్ళు తమ ప్లేట్లలోకి చూసుకున్నారు.

లెనర్డ్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నడుముకున్న పేజరు తీసి బల్ల మీద పెట్టాడు. బెర్నడెట్ ఎదురుగా కూర్చుంది.

"ఇంటి దగ్గర చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"ఇంటి దగ్గర చెప్తే విన్నావా?"

అతను ఎడమచెయ్యి జేబులోంచి తీసి, అందరూ చూస్తుండగా బల్ల మీద పెట్టాడు. దాని పక్కనున్న చెంచా ప్లేటుకు తగిలి టకటకలాడింది. పేజరులో డానీ గొంతు గరగరమంది. వంతెన దాటామంటున్నాడు.

"ఆ తర్వాతి మలుపులో బ్రేకు ముందే తొక్కాలి. వాడెప్పుడూ ఆలస్యంగా తొక్కుతాడు," అన్నాడు లెనర్డ్, ఎవరికీ కాకుండా.

బెర్నడెట్‌కు ఆ గొంతు వినడం భరించరానిదైంది. పేజరు ఆపేద్దామని చెయ్యి చాచింది. అతను వణికే చెయ్యి తెచ్చి ఆమె చేతి మీద వేశాడు.

"ఉండనీ," అన్నాడు. "వాడు చేరుకునే దాకా ఉండనీ."