ఒక్క పేపరు మిగిలినవాళ్ళ జట్టు

బి.ఏ. పాసయ్యానండీ! మూడేళ్ళలో, అన్ని పేపర్లూ, ఒక్క దెబ్బకి! సెకండ్ క్లాసు! మా నాన్న వైపు గానీ మా అమ్మ వైపు గానీ కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. పాసై బయటికొచ్చిన మొదటివాణ్ణీ నేనే.

ఈ సంగతి నాకు తెలియడానికి మాత్రం ఒక ముప్పావుగంట ఆలస్యమైంది. దానికి కారణం ఫ్రాన్సు దేశం.

పొద్దున్నే మొదటి బస్సుకి అమృతలూరు నుంచి తెనాలి వచ్చాను. మా ఊరికి పేపరు వచ్చేసరికి ఎండెక్కుతుంది. తెనాలి బస్టాండు పక్క టీ కొట్టులో అయితే తెల్లారేసరికే ఉంటుంది. ఉంది కూడా. కానీ ఒక పెద్దాయన చేతిలో ఉంది. ఆయన ఆటల పేజీ చదువుతున్నాడు. డిగ్రీ ఫలితాల నంబర్లున్న పేజీ ఆయన మోచేతి కింద, బల్లకి అతుక్కుని ఉంది.

"చూశావా బావా," అన్నాడు పక్కాయనతో. "ఫ్రాన్సోళ్ళు మొన్న ఫుట్‌బాల్ కప్పు కొట్టారా, ఇప్పుడు తీరిగ్గా రాశాడు. ఆ జట్టులో సగం మంది అసలు అక్కడోళ్ళే కాదంట. ఒకడేమో ఆఫ్రికాలో పుట్టాడంట. ఇంకోడేమో సముద్రం అవతల ఏదో దీవంట. ఇంకోడి అమ్మానాన్నా ఎక్కడినుంచో బతకడానికొచ్చారంట."

"అయితే ఏంటంట?"

"ఏంటంటావేంటి? ఎక్కడెక్కడోళ్ళనో తెచ్చుకుని మా దేశం గెలిచిందంటే ఎట్టా? రేపల్లె ఎద్దుల్ని తోలుకొచ్చి బండ లాగించి, తెనాలి ఎద్దులు గెలిచినయ్యన్నట్టుంది."

"రేపల్లె అంటే గుర్తొచ్చింది. నువ్వు మా ఇంటికి ఇల్లరికం వచ్చి ఎన్నేళ్ళయింది బావా?"

"ముప్పయ్యేళ్ళు. ఇప్పుడదెందుకు?"

"ఓటెక్కడ?"

"తెనాల్లోనే."

"రేషను కార్డో?"

"అదీ తెనాల్లోనేలేవయ్యా."

"మరి నువ్వు ఏ ఊరి ఎద్దువి?"

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే అందుకున్నాడు. "ఆయన పక్కా తెనాలేనండి. ఇంట్లో అక్కగారు తిట్టేటప్పుడు మాత్రం రేపల్లె."

మామూలు రోజైతే పడీపడీ నవ్వేవాణ్ణి. "బాబాయ్, ఆ కింద పేజీ ఒక్కసారి ఇస్తారా?" అన్నాను.

"ఉండవయ్యా. ఇక్కడ దేశం సంగతే తేలట్లా."

నిలబడ్డాను. ఎక్కడో పుట్టి ఇంకెవరికో ఆడేవాళ్ళ గురించి వాళ్ళిద్దరూ తేలుస్తుంటే, అలాంటివాడొకడు వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాడని వాళ్ళకి తెలియదు.

నేను గోల్ కీపర్ని. రేపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో, చేతులు పొడుగ్గా ఉన్నాయని వార్డెన్ గారు నన్ను రెండు కొబ్బరి మట్టల మధ్య నిలబెట్టారు. అప్పటినుంచి అక్కడే నిలబడ్డాను. ఇంటర్ అయ్యాక ఊరికి వచ్చి మా నాన్నతో పాటు నారు పీకడానికి వెళ్తుంటే, ఒకరోజు మా పల్లెలోకి స్కూటరు వచ్చింది. దిగినాయన బాపట్లలో ఒక కాలేజీకి ఆటల మాస్టారు. అందరూ పి.డి. సార్ అంటారు. చేతిలో కాలేజీ దరఖాస్తు. పేరూ సంతకం తప్ప మిగతావన్నీ ఆయనే నింపుకొచ్చాడు.

"హెచ్.ఈ.పీ. వేశానబ్బాయ్. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. మధ్యాహ్నం నుంచి ఖాళీ. చదవక్కర్లా."

మా నాన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని అడిగాడు. "చదవక్కర్లేకపోతే మరి కాలేజీ ఎందుకండీ?"

సార్ నా ఎత్తు అడిగాడు.

అలా నేను బాపట్లవాణ్ణయ్యాను. చేరాక చూస్తే జట్టులో అందరూ నాలాంటి బాపట్లవాళ్ళే. కెప్టెన్ పేరాల. మగ్గం దిగి బస్సెక్కి వస్తాడు. వెనక ఆడే ఇద్దరూ చుండూరు. మిగతావాళ్ళు తెనాలి, రేపల్లె. నిజంగా బాపట్లలో పుట్టినవాడు ఒకే ఒక్కడు. వాళ్ళిల్లు గ్రౌండుకి ఎదురుగానే. వాడూ గోల్ కీపరే, నా క్లాసే. నేనుండగా వాడికి చోటు లేదు కాబట్టి మూడేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నాడు. మ్యాచి ఉన్న ప్రతి పొద్దునా నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాడు. "నీకసలు జ్వరం రాదేంట్రా?" అని దిగులుపడేవాడు.

మా జట్టు ప్రాణమంతా ఏటా ఆగస్టులో జరిగే షీల్డు పోటీ మీద ఉండేది. చుట్టుపక్కల కాలేజీలన్నీ వస్తాయి. దానికొక రూలుంది. కాలేజీలో చదువుతున్నవాడు ఆడొచ్చు. చదువు అయిపోయినా, ఆ కాలేజీ తరఫున రాయాల్సిన పేపరు ఒక్కటైనా మిగిలి ఉంటే వాడూ ఆడొచ్చు. పాపం తప్పినవాళ్ళని చిన్నబుచ్చకూడదని ఎవరో మంచి మనిషి పెట్టిన రూలు. దాన్ని చదివి అర్థం చేసుకున్నవాడు మాత్రం మా పి.డి. సారే.

మా కెప్టెన్‌కి ఇద్దరు పిల్లలు. పెద్దది బడికి వెళ్తోంది. పాలిటిక్స్‌లో ఒక్క పేపరు ఆరేళ్ళుగా అలాగే ఉంచుకున్నాడు. ఏడాదికి రెండుసార్లు ఫీజు కట్టి, హాలుకెళ్ళి, నంబరు వేసి, తెల్ల కాగితం ఇచ్చి వస్తాడు. చుండూరు వాళ్ళిద్దరికీ తలా ఒక ఎకనామిక్స్. ఇలా ఎవరి పేపరు వాళ్ళు జాగ్రత్తగా మిగుల్చుకుని, కాలేజీకి కట్టుబడి ఉన్నారు. మొత్తం పాసైపోయినవాణ్ణి మర్నాటినుంచి గ్రౌండులోకి రానివ్వరు. ఎంతగా చదివితే అంతగా పరాయివాడవుతాడు.

ఈ రూలు సంగతి మా నాన్నకి తెలియదు. నేను మొదటి సంవత్సరంలో ఉండగా, ఎన్నికల గుర్తులు వెయ్యడానికి మా పల్లెకి ఒక పెయింటరు వచ్చాడు. మా నాన్న అతన్ని పిలిచి, మా గుమ్మం పైన నా పేరు రాయించాడు. పక్కన బి.ఏ. అని కూడా రాయించాడు.

"ఇంకా అవ్వలేదు కదా నాన్నా!"

"అయినప్పుడు ఈ పెయింటరు ఎక్కడుంటాడో. రంగు మంచిది."

మా నాన్నకి చదవడం రాదు. "ఇదేనా?" అని అడిగి బి.ఏ. మీద వేలు పెట్టి చూశాడు. తడి ఆరలేదు. ఆ వేలిముద్ర అక్కడే ఉండిపోయింది. నలుగురూ నవ్వుతారని నేను గొడవచేస్తే, మేకు కొట్టి, బి.ఏ. వరకూ కప్పేలా చర్చి క్యాలెండరు తగిలించాడు. తర్వాత రెండు క్యాలెండర్లు మారాయి. పల్లెలో ఆ క్యాలెండరు కింద ఏముందో తెలియనివాళ్ళు లేరు.

మొన్న మార్చిలో ఆఖరి పరీక్షలొచ్చాయి. అన్నీ బాగానే రాశాను. ఇంగ్లీషు పేపరుకి ముందు సాయంత్రం పి.డి. సార్ నన్ను గ్రౌండు చుట్టూ నడిపించారు.

"ఒరేయ్, అన్నీ వద్దు. ఒక్క ఇంగ్లీషు ఉంచు. సెప్టెంబరులో రాసేద్దువుగాని. ఆగస్టులో షీల్డు కొడతాం. ఇన్నేళ్ళలో ఇంత మంచి జట్టు పడలేదురా. నువ్వు లేకపోతే గోల్ ఖాళీ."

"మన బాపట్లోడున్నాడు కదండీ."

"ఉన్నాడులే. ఎక్కడికి పోతాడు, ఊళ్ళోవాడేగా." ఆగి నా భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వీ కాలేజీ బిడ్డవిరా."

చెడ్డ మనిషి కాదు. మూడేళ్ళు నాకు మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. అందుకే ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున హాలు బయట మా బాపట్లవాడు నా నుదుటి మీద కాకుండా భుజం మీద చెయ్యి వేశాడు. "రాయరా. నేనెటూ తప్పుతాను. నువ్వు పాసైతే గోల్ నాది. నా కోసమన్నా రాయి," అన్నాడు. వాడి నంబరు నా వెనకదే, వాడి బల్ల నా వెనకదే.

హాలు కాపలాకి వచ్చింది ఎవరనుకున్నారు? పి.డి. సారే.

గంటసేపు ప్రశ్నాపత్రం తిప్పుతూ కూర్చున్నాను. జాతీయ సమైక్యత మీద వ్యాసం రాయమన్నారు. పేరాల, చుండూరు, తెనాలి, రేపల్లె కలిసి బాపట్ల ఎలా అవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? దాని బదులు గుమ్మం పైన క్యాలెండరు గుర్తొస్తోంది. మేకు ఒకటే, క్యాలెండర్లు మూడు. కలం మూత తీశాను. తీశాక ఆగలేదు. నిలబడి అడిషనల్ షీటు అడిగాను. సార్ తెచ్చి ఇచ్చారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ తెచ్చారు. మూడోసారి కాగితం బల్లమీద పెట్టి, దారం ముక్క చేతికిచ్చి, కాళ్ళ సందులోంచి గోల్ వదిలేసినప్పుడు చూసినట్టు నన్ను చూశారు. కానీ ఇచ్చారు. అది చెప్పాలి.

టీ కొట్టు దగ్గర దేశం సంగతి తేలలేదు గానీ, రేపల్లాయన టీ తాగడానికి మోచెయ్యి ఎత్తాడు. పేజీ లాగాను. సెకండ్ క్లాసు వరసలో నా నంబరు. మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూసేటప్పుడు దాని పక్క నంబరు కూడా కనిపించింది. నా వెనక బల్ల నంబరు. మా బాపట్లవాడు కూడా పాస్.

వాడికి ఫెయిలవ్వమని ఎవరూ చెప్పలేదు మరి. ఆ అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"ఏంటబ్బాయ్, పాసేనా?" అన్నాడు రేపల్లాయన.

"పాసేనండి!"

"ఏ ఊరు మనది?"

నోటిదాకా బాపట్ల వచ్చింది. "అమృతలూరండి," అన్నాను. ఆయన టీ ఇప్పించి, పేపరు కూడా నన్నే ఉంచుకోమన్నాడు.

అక్కణ్ణుంచి పరిగెత్తి ఎస్.టి.డి. బూతులో దూరాను. ముందు కలిసింది మా కెప్టెన్, పేరాలలో నూలు కొట్టు ఫోనుకి.

"అన్నా, పాసయ్యాను."

"ఏంటీ?"

"పాసన్నా. అన్నీ."

"ఇంగ్లీషు కూడానా?"

"ఇంగ్లీషు కూడా."

"ఓర్నీ! తప్పడానికి దానంత తేలికైన పేపరు ఇంకోటి లేదు గదరా!" అంతలోనే తేరుకున్నాడు. "సరేలే. బాపట్లోణ్ణి దించుదాం."

"వాడూ పాసేనన్నా."

వెనక మగ్గాల చప్పుడు మించిపోయేలా నవ్వాడు. "అయితే గ్రౌండు ఎదురింట్లో ఉండేవాడు బయటోడు, బస్సెక్కొచ్చే నేను లోపలోణ్ణి. బాగుందిరా! సార్‌కి నేను మాత్రం చెప్పను. నువ్వే చెప్పుకో." పెట్టేస్తాడనుకున్నాను. గొంతు తగ్గించి అన్నాడు. "నీ పాలిటిక్స్ నోట్సు పారెయ్యమాక. మా పెద్దది అడుగుతోంది, నాన్నా నువ్వెన్నో క్లాసని."

బూతులో నా వెనక నలుగురు నిలబడ్డారు. అయినా కదలను. పేపరు అంచున రాసుకున్నాను, ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు:

మా ఊళ్ళో చర్చి ఎదురు కిరాణా కొట్టు. మా నాన్నని పిలిపించాలి. క్యాలెండరు తియ్యమనాలి, మేకు మాత్రం ఉంచమనాలి.

రేపల్లెలో వార్డెన్ గారు. కొబ్బరి మట్టల సంగతి ఆయన మర్చిపోయి ఉంటే గుర్తుచెయ్యాలి.

పి.డి. సార్. ముందు మూడు అడిషనల్ షీట్లకి దణ్ణం పెట్టాలి. పాసైన సంగతి ఆ తర్వాత.

బాపట్లలో, గ్రౌండు ఎదురిల్లు. వాడు పాసయ్యాడని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు, అందుకే ఆఖర్న రాశాను.