చొప్పబండి పట్టే దోవ

జ్ఞానయ్యను చింతగుంటపేట పంచాయతీ బోర్డులో సభ్యుడిగా వేశారన్న కబురు ఊరి అంచున అతనుండే మిషన్ పాలెంలోకి వచ్చినప్పుడు నమ్మినవాళ్లకంటే నవ్వినవాళ్లే ఎక్కువ. అందరికంటే గట్టిగా నవ్వింది అతని భార్య ఎలీషబా. "కూరలో ఉప్పు తక్కువైందని చెప్పనీకే నోరు రాదు ఈయనకు. బోర్డులో పోయి ఏం మాట్లాడతాడంట?" అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

ముప్పై ఏళ్లు అతను సర్వే పార్టీలో కొలత గొలుసు లాగాడు. మార్కాపురం నుంచి కనిగిరి దాకా, అటు పుల్లలచెరువు అడవి అంచు దాకా, ఆ ఇనుప గొలుసు కొస పట్టుకుని అతను నడవని చేను లేదు. కొలతలు రాసుకునే అమీను చెయ్యి ఊపితే నడవాలి, చెయ్యి ఎత్తితే ఆగాలి, ఆగినచోట మేకు కొట్టాలి. నోరు తెరవాల్సిన పని ఒక్కటే. "ఒకటీ... రెండూ..." అని గొలుసులు లెక్కపెడుతూ చేను ఆ కొసకు వినపడేలా కేక వెయ్యాలి. ముప్పై ఏళ్లు అంకెలు తప్ప ఇంకేమీ గట్టిగా అనని మనిషి ఊరి పెద్దల మధ్య కూర్చుని ఏం మాట్లాడతాడు మరి!

అయితే అతని దగ్గర ఎవరూ లెక్కలోకి తీసుకోని విద్య ఒకటి ఉంది. మొయ్యడానికిచ్చిన మ్యాపులను మధ్యాహ్నం సంగటి తింటూ ఒళ్లో పరుచుకుని చూసేవాడు. చుక్కల గీత ఒకటే పోతే కాలిబాట, రెండు పక్కపక్కన పోతే బండిబాట. పొద్దున తాను నడిచిన నేల కాగితం మీద ఎట్లా ఉందో చూసుకుని మురిసిపోయేవాడు. మిషన్ బడిలో మూడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు బైబిలు చదవడానికి సరిపోయాయి. మ్యాపు చదవడం మాత్రం కాళ్లే నేర్పాయి.

ఇది 1937 నాటి మాట. ఈ ఊరున్న మార్కాపురం తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పలకల గనుల పుణ్యమా అని చింతగుంటపేట పెరుగుతోంది. రోడ్డు పక్కన మెట్టచేను ఉన్న ప్రతివాడికీ దాన్ని ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్ముకుందామన్న ఆలోచన పుట్టింది. అట్లా అమ్మాలంటే బోర్డుకు ప్లానుతో సహా దరఖాస్తు పెట్టాలి. ఆ ప్లానును చావడి గోడకు నెలరోజులు అంటించి, అభ్యంతరాలుంటే వినాలి. ఆ తర్వాత సభ్యులు స్థలం చూసి, చేతులెత్తి తీర్మానం చెయ్యాలి. రూలు ఇంత చక్కగా ఉంది. జరిగేదేమిటంటే, సభ్యులు గూడుబండెక్కి రోడ్డు మీదికి వచ్చేవారు. బండి ఆగేది. "అంతా బాగానే ఉందిగదా?" అని ప్రెసిడెంటు వెంకటసుబ్బయ్య లోపలినుంచే అడిగేవాడు. ఉందనేవారు. బండి వెనక్కి తిరిగేది. దిగి నాలుగడుగులు వేసిన పాపాన ఒక్కరూ పోలేదు.

బోర్డు గదిలో కుర్చీలు అయిదు, సభ్యులు ఆరుగురు. ఆరోవాడైన జ్ఞానయ్యకు వాకిలి దగ్గర స్టూలు వేశారు. ఏడాదిపాటు ఆ స్టూలు మీద కూర్చుని, అందరూ చెయ్యి ఎత్తినప్పుడు తానూ ఎత్తి, ఇంటికి వచ్చేవాడు.

అట్లాంటి రోజుల్లోనే లక్ష్మీనరసయ్య దరఖాస్తు వచ్చింది. ఆయన ఊళ్లో పెద్ద రైతు, చెడ్డవాడేమీ కాదు, కాకపోతే తన చేలను గట్టు మీద నిలబడి చూసే రకం. రోడ్డుకూ మిషన్ పాలేనికీ మధ్యనున్న తన అయిదెకరాలను నలభై ఎనిమిది ప్లాట్లు చేస్తానన్నాడు. ప్లాను గీసినవాడు ప్రభాకరరావు అనే కుర్ర సర్వేయరు. నీలం సిరాతో, ఎర్ర సిరాతో ముచ్చటగా గీశాడు. బల్ల మీద పరిచిన ఆ ప్లానును స్టూలు మీదినుంచే మెడ సాచి చూశాడు జ్ఞానయ్య.

పాలెం బాట లేదు. పాలెం నుంచి రోడ్డుకు తిన్నగా వచ్చే పాత బండిబాట, తాను స్వయంగా గొలుసు పట్టి కొలిచిన జంట చుక్కల గీత, ఆ కాగితం మీద లేనే లేదు. దాని చోట రెండు వరసల ప్లాట్ల మధ్య తొమ్మిదడుగుల సందు ఒకటి ఉంది.

పాలెంలో ఉన్నవి నలభై కొంపలు, తొమ్మిది బండ్లు. గనుల నుంచి పలకరాయి తోలడం, కోతల కాలంలో రైతుల చొప్ప తోలడం, ఆ తొమ్మిది బండ్ల మీదే సగం పాలెం తింటోంది. ఆ దోవ మూసుకుపోతే ఉన్నది వాగులోంచి మైలున్నర చుట్టుదోవ. వానాకాలం అదీ ఉండదు. ఒకసారి తీర్మానమై, రాళ్లు పాతి, గోడలు లేచాక ఇక ఎవరి కాళ్లు పట్టుకున్నా దోవ తిరిగి రాదు. ఇంత తెలిసి కూడా ఆ రోజు జ్ఞానయ్య నోరు మెదపలేదు. ప్లాను గోడకెక్కింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఎలీషబా చేటలో జొన్నలు చెరుగుతున్నదల్లా చేట కింద పెట్టేసింది.

"మరి నువ్వేం చెప్పినావు?"

"నేను మాట్లాడితే నవ్వుతారే."

"నవ్వనీ. నిన్ను బోర్డులో ఏసినారంటే పాలెమంతా నవ్వినాం. చచ్చినావా? చావలేదు గదా. బండి తోలే పెద్దన్న పిల్లోళ్లు ఏం తింటారో అది ఆలోచించు ముందు. నవ్వుతారంట, నవ్వుతారు!"

ఆ రాత్రి జ్ఞానయ్యకు కూడు సయించలేదు. ఎలీషబా కూడా బతిమాలలేదు.

నెల తిరిగింది. అభ్యంతరాలు వినే రోజు వచ్చింది. "ఎవరికైనా చెప్పుకునేది ఉందా?" అని వెంకటసుబ్బయ్య అలవాటుగా అడిగి, సంతకానికి కలం తీసుకున్నాడు. జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు. మెల్లగా మొదలుపెడదామనుకున్నాడు పాపం. గొంతుకు అలవాటైంది ఒక్కటే పద్ధతి కదా.

"అయ్యా!"

చేలో గొలుసు కేకలాగే బయటికొచ్చింది. ఒక సభ్యుడి చేతిలో కాఫీ తొణికి పంచె మీద పడింది.

"ఏందయ్యా జ్ఞానయ్యా, కొంప మునిగినట్టు?" అన్నాడు వెంకటసుబ్బయ్య.

"మునిగేదే అయ్యా. పాలెం బాట పోతాంది. బండ్లు పోయే బాట మూయగూడదని రూలుండాదని ఇదే గదిలో రెండుసార్లు ఇన్నాను."

ప్రభాకరరావు చిరునవ్వు నవ్వాడు. "మూయలేదండీ. తొమ్మిదడుగులు వదిలాను. బండి వెడల్పు అయిదున్నర అడుగులు. లక్ష్మీనరసయ్యగారి కొట్టంలో నేనే టేపు పెట్టి కొలిచాను" అన్నాడు.

సభ్యులు తలలూపారు. లెక్క తిరుగులేకుండా ఉంది. అయినా జ్ఞానయ్య కూర్చోలేదు.

"ఏ నెల్లో కొలిచినారు సార్?"

"ఏప్రిల్లో."

"అప్పుడు బండి ఉత్తది సార్. ఇప్పుడు మాఘం. చొప్ప ఎత్తినాక కొలవండి."

అయిదుగురిలో నలుగురికి పొలాలున్నాయి. చొప్పబండి ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లెవరూ లేరు. జొన్నచొప్ప కట్టలను బండికి అడ్డంగా పేరుస్తారు, రెండు పక్కలా చక్రాలు దాటి రెండేసి మూరలకు పైగా బయటికి వస్తాయి. తెలిసీ ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే వాళ్లు చూస్తున్నది కాగితాన్ని.

లక్ష్మీనరసయ్యకు కోపం వచ్చింది. "నాలుగు కట్టలు తగ్గించి ఏసుకుంటే పట్టకేం చేస్తాది? ఏంది జ్ఞానయ్యా, నా చేలో నాకే అడ్డం పడతావా?"

"పట్టేది పట్టనిది నేను చెప్పేదేంది బాబూ. స్థలం కాడికి పోదాం. కాలితో నడిచి చూద్దాం."

వెంకటసుబ్బయ్య క్లర్కు వైపు చూశాడు. క్లర్కు రూలు పుస్తకం తిరగేసి, సభ్యుడు ఒక్కడు కోరినా స్థలం కొలిచి చూడాల్సిందేనని చదివాడు. ఆ రూలు పుట్టాక దాన్ని వాడుకున్న మొదటి సభ్యుడు జ్ఞానయ్యే అయ్యాడు.

రెండో రోజు పొద్దున్నే అందరూ చేను దగ్గరికి వచ్చారు. "నేను పాతితే నేను మోసం చేసినా అంటారు. మీరే పాతండి సార్" అని జ్ఞానయ్య కర్రలను ప్రభాకరరావు చేతికే ఇచ్చాడు. కుర్రవాడు ప్లానులో ఉన్నట్టే తొమ్మిదడుగులు కొలిచి రెండు వరసల కర్రలు పాతాడు. గోడలకు బదులుగా వాటికి తాళ్లు కట్టారు. సభ్యులు గూడుబండిలోనే ఉన్నారు.

పాలెం వెనకనుంచి చొప్పబండి కదిలింది. తోలేవాడు పాలెం మనిషి పెద్దన్న. చొప్ప మాత్రం లక్ష్మీనరసయ్యదే, ఆయన ఎగువ చేలోంచి ఆయన కొట్టానికే పోతోంది. ప్రతి ఏడూ తన దొడ్లో చొప్పవామి లేవడం చూశాడు గానీ, ఆ చొప్ప ఏ దోవన వస్తుందో ఆ పెద్దమనిషి ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

బండి సందులోకి దూరింది. మొదటి జత కర్రలు పక్కకు ఒరిగాయి. రెండో జత విరిగాయి. తాడు కట్టల్లో చిక్కుకుని బండి వెంట సాగింది. ఎద్దులు బెదిరి ఆగిపోయాయి.

"అయ్యా! ఇయ్యి కర్రలు గాబట్టి పడినాయి. గోడలైతే నేనేం చెయ్యాల?" అని పెద్దన్న చొప్ప మీద నిలబడి అరిచాడు.

అతని వెనక ఇంకో మూడు చొప్పబండ్లు వచ్చి నిలిచాయి. ఎదురుగా రోడ్డు వైపునుంచి పలకరాయి బండి వచ్చి ముక్కుకు ముక్కు ఆగింది. ముందుకు లేదు, వెనక్కి లేదు. "ఎనక్కి కొట్రా" అంటే "నువ్వు కొట్టు మామా" అంటూ బండ్లవాళ్లు ఒకటే గోల. అప్పుడు దిగాడు వెంకటసుబ్బయ్య. ఆయన దిగాక మిగతావాళ్లూ దిగక తప్పలేదు. ఎద్దుల కొమ్ముల మధ్య, దుమ్ములో, ఇస్త్రీ పంచెలు ఎగగట్టుకుని చింతగుంటపేట పంచాయతీ బోర్డు మొట్టమొదటిసారి నేల మీద నిలబడింది.

"కొలువు" అన్నాడు వెంకటసుబ్బయ్య.

ప్రభాకరరావు టేపు పెట్టాడు. ఒకసారి చూసి మళ్లీ పెట్టాడు. "పన్నెండున్నర అడుగులు" అన్నాడు. "తప్పు నాదే. ఉత్తబండిని కొలిచాను" అని పైకే ఒప్పుకున్నాడు. వాడిలో ఆ మాత్రం నిజాయితీ ఉంది.

రెండు బండ్లు ఎదురైతే ఒరుసుకోకుండా పోవడానికి ఇరవై ఆరడుగులు కావాలని తేలింది. లక్ష్మీనరసయ్య లబోదిబోమన్నాడు. "ఆరు ప్లాట్లు ఎగిరిపోతాయి! నేనేం ధర్మసత్రం కడుతున్నానా?"

అందరూ ప్రభాకరరావు వైపు చూస్తే, ప్రభాకరరావు జ్ఞానయ్య వైపు చూశాడు. జ్ఞానయ్య ప్లాను తీసుకుని నేల మీద పరిచాడు. చేను ఆ కొసకు నడిచి వెళ్లాడు, ఈ కొసకు వచ్చాడు.

"బాబూ, ఇండ్ల ఎనక ఆరేసి అడుగుల సందులు రెండు గీసినారు. ఇంటి ముందర ఈది ఉంటే ఎనక సందు దేనికి? ఆ రెండూ తీసి ఇక్కడ కలపండి. ఇంక తక్కువయ్యేది అయిదడుగులే. ఆరు గాదు, రెండు ప్లాట్లు పోతాయి. మిగిలినయి అన్నీ ఇరవై ఆరడుగుల ఈది మీదికి తిరుగుతాయి. సందులో ఇల్లు ఎవురు అడుగుతారు, పెద్దీదిలో ఇల్లు ఎవురు అడుగుతారు, మీకు నేను చెప్పాల్నా?"

లక్ష్మీనరసయ్య పెదవులు కదిలాయి. లోపల ఏదో హెచ్చవేత జరుగుతోంది. కాసేపటికి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంత తెలిసినోడివి మొదుట్నే నా కాడికి రావొచ్చు గదయ్యా" అన్నాడు. అది ఒప్పుకోవడమేనని అందరికీ అర్థమైంది.

తీర్మానం అక్కడే, ఆ దుమ్ములోనే జరిగింది. ఆరు చేతులు లేచాయి. పాలెం ఆడవాళ్లు గట్టు మీద నిలబడి కేకలు వేశారు. జ్ఞానయ్య చెయ్యి దించడం మరిచిపోయి, కళ్లనిండా నీళ్లతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడిపోయాడు. అరవై ఏళ్ల బతుకులో అంత సంతోషం అతను ఎరగడు. ముప్పై ఏళ్లు ఇంకొకరు చెయ్యి ఊపితే నడిచినవాడు, ఆ మధ్యాహ్నం తాను చెయ్యి ఊపి ప్రభాకరరావును నడిపించాడు, ఎత్తి ఆపాడు, ఆగినచోట రాళ్లు పాతించాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు అతను బోర్డులో ఉన్నాడు. ఆ ఎనిమిదేళ్లలో ఏ చేను ప్లానూ కాళ్లతో నడవకుండా దాటలేదు. సభ్యులు విసుక్కునేవారు, తిట్టుకునేవారు, చెప్పులు అరుగుతున్నాయని గొణిగేవారు. అయినా నడిచేవారు.

మరుసటి ఏడు మాఘానికి ఆ వీధిలో పన్నెండు ఇళ్లు లేచాయి. రెండు పక్కలా రాతి ప్రహరీలు కట్టారు. కోతలైన వారంలో పెద్దన్న చొప్ప నిండా ఎత్తుకుని, పైన కూర్చుని పాట పాడుకుంటూ పాలెం వైపునుంచి వచ్చాడు. రోడ్డు వైపునుంచి ఇంకో చొప్పబండి ఎదురొచ్చింది. వీధి నడిమధ్యలో రెండూ ఎదురుపడ్డాయి. పైనున్న మనుషులిద్దరూ కోతల గురించి ఒక మాట అనుకున్నారు. ఎవరూ బండి ఆపలేదు.