కర్టెన్ వెనక పరీక్ష

వరంగల్ కాశిబుగ్గలో మా పక్కింటి ప్రమీల కాలేజీ గడప తొక్కకుండా మూడేళ్లు డిగ్రీ చదివింది. అంతా ఫోన్‌లోనే. పాఠం చెప్పే సారు అగ్గిపెట్టెంత గడిలో కనిపించేవాడు. తోటివాళ్లకు పేర్లే కానీ ముఖాలు ఉండేవి కావు. ఆమె సందేహం టైపు చేస్తే ఎవరో ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకునేవారు. ఇదేం చదువురా దేవుడా అని నాకు ఒళ్లు మండేది. ఆమెకు మాత్రం అదే గొప్ప. పోపు వేస్తున్నా చెవిలో పాఠమే.

ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆయా. "డిగ్రీ తెచ్చుకో ప్రమీలా, జూన్‌ల ఒకటో తరగతి నీకే ఇస్త" అని హెడ్‌మాస్టరమ్మ రాజేశ్వరి మాటిచ్చింది. పిల్లల ముక్కులు తుడిచే చేత్తో సుద్దముక్క పట్టాలని ప్రమీల ఆశ. భర్త పోయాక ఇంట్లో మిగిలింది ఆమె, అత్త ఎస్తేరమ్మ.

పరీక్షలూ ఇంట్లోనే. కెమెరా ముందు ఒంటరిగా కూర్చోవాలి. రెండో మనిషి కనబడితే పేపరు రద్దు. వాళ్లదేమో తలుపు బదులు కర్టెన్ కట్టిన గది. "రాసేటప్పుడు లోపలికి రాకు అత్తమ్మా, మాట్లాడకు" అని ప్రతిసారీ చెప్పేది. ఎస్తేరమ్మ పేపరుకు ముందే కోడలి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, వాకిట్లో కాపలా కూర్చునేది. ఒకసారి నన్ను కూడా కసిరింది.

చివరి పేపరు శుక్రవారం పడింది. ఉపవాస ప్రార్థనకు వెళ్లిన ఎస్తేరమ్మ వచ్చేసరికి పరీక్ష మొదలైపోయింది. ప్రార్థన లేకుండా కోడలు ఎట్లా రాస్తుంది? నోరు తెరవకపోతే చాలనుకుంది. చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి నెత్తిన చెయ్యి పెట్టింది. పెదవులు మాత్రమే కదిపి, వచ్చిన దారినే బయటికి వెళ్లిపోయింది.

ఆ చెయ్యి తోసేయొచ్చు కదా అని తర్వాత నేను కోపంగా అడిగాను.

"చెయ్యి పడంగనే కండ్లు మూతవడ్డయి అక్కా. చిన్నప్పటి అలవాటు. తెరిచేసరికి పరీక్ష బంద్ అయింది."

ఎవరి కాళ్లు పట్టుకుందామన్నా ఆ కాలేజీకి మనిషన్నవాడు ఉంటే కదా. ఫోన్ చేస్తే పాట వినిపించింది. మళ్లీ రాయాలంటే వచ్చే ఏడాదే. రాజేశ్వరి మేడమ్ అంతదాకా ఆగలేదు, ఒకటో తరగతి ఇంకొకరికి ఇచ్చేసింది.

పరీక్ష ఆగిపోయిన రోజు ప్రమీల గది బయటికి రాగానే "మంచిగ రాసినవా బిడ్డా?" అని ఎస్తేరమ్మ అడిగింది. "మంచిగ రాసిన" అంది ప్రమీల. నిజం చెబితే ముసలిది చచ్చేదాకా తేరుకోదని ఆమె భయం. ఆదివారం చర్చిలో ఎస్తేరమ్మ లేచి, దేవుడు తన కోడలి చేత డిగ్రీ పూర్తి చేయించాడని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్న ప్రమీలకు ఆమెన్ అనక తప్పలేదు.

ఇప్పుడామె రోజూ టీచరమ్మలా ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరుతుంది. బడిలో పాత చీరలోకి మారి బాత్రూములు కడుగుతుంది. నిన్న సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను.

"ఇయ్యాల పిల్లలకు ఏం చెప్పినవ్ బిడ్డా?" అని ఎస్తేరమ్మ అడిగింది.

"రెండో ఎక్కం, అత్తమ్మా."

"నాకు గూడ చెప్పు జర. నేను బడికి వోలే గద."

ప్రమీల నిలబడి రెండో ఎక్కం మొదలుపెట్టింది. ముసలిది చేతులు కట్టుకుని, ఒక్కో మాటా తిరిగి చెప్పింది. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాక లేచి వచ్చేశాను.