స్టాండు కింద రబ్బరు

మా పడకగదిలో ఉన్న ఏసీని మొదట చెప్పుతో కొట్టాను. తర్వాత అట్లకాడతో కొట్టాను. కాలితో తన్నబోతుంటే అమ్మ జబ్బ పట్టుకుని వెనక్కి లాగేసింది. ఏప్రిల్ ఆఖరు, భిలాయిలో ఎండ చెలరేగిపోతోంది. పిల్లల జవాబు పత్రాలు దిద్దీ దిద్దీ కళ్ళు మండుతూ స్కూలు నుంచి వచ్చి పడుకుంటే, తలగడ పక్కనే ఠంగ్, ఠంగ్, ఠంగ్. కాసేపు ఆగుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదలు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దించుకునే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు.

మాది సెక్టర్ 4లో క్వార్టర్. నాన్న స్టీలు ప్లాంటు నుంచి రిటైరయ్యాక లీజుకు తీసుకుని అందులోనే ఉండిపోయాం. పక్క క్వార్టర్‌కూ మాకూ మధ్య ఒకటే గోడ. మా కిటికీ ఆ గోడ మూలకు ఉండటంతో, ఏసీని మోసే ఇనుప స్టాండు కాలొకటి ఆ ఉమ్మడి గోడకే ఆనించి బిగించారు.

నాన్న రోలింగ్ మిల్లు మెయింటెనెన్స్‌లో ఆఫీసరుగా చేశారు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మీద పడి నలిగే ఆ మోత ఆయన చెవులను సగం తినేసింది. సన్నటి శబ్దాలేవీ ఆయనకు వినపడవు. ఆయన గొంతు చించుకుంటారు, మేమూ చించుకుంటాం. ఉప్పు అందించమని అడిగినా వీధిలో వాళ్ళకు కొట్లాటలాగే ఉంటుంది. ఆ అరుపుల మధ్యే నేను పెరిగాను.

కానీ యంత్రం దగ్గర ఆయన చెవిని నమ్ముకోరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది, కర్ర పిడిది. దాని మొన యంత్రానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుంటారు. ప్లాంటులో బేరింగు పాడైందో లేదో అలాగే కనిపెట్టేవారట. మా ఏసీనీ అలాగే విన్నారు. బుస్సుమంటే గ్యాసు కారుతున్నట్టు, కీచుమంటే ఫ్యాను మోటారు అరిగినట్టు, టపటపమంటే రెక్కకు ఏదో తగులుతున్నట్టు, లోపల గుడగుడలాడితే మాత్రం కంగారు పడక్కర్లేదు అని నాకు పాఠం చెప్పారు. పాఠమంతా అయ్యాక తల అడ్డంగా ఊపారు.

"అన్నీ బాగున్నాయే. ఈ ఠంగుమనేదొక్కటే ఎక్కడిదో తెలీటం లేదు" అన్నారు.

"ఒకసారి ఆపి చూద్దాం నాన్నా" అని చెవి దగ్గర అరిచాను.

ఆయనకు ఒళ్ళు మండింది. "ఆపీస్తే ఏటి వింటావే? నడిచే మిషన్ని నడుస్తుండగానే వినాలి!"

ప్లాంటులో నడిచేదాన్ని ఆపడమంటే పెద్ద నేరం. ఆపితే ఎందుకు ఆపావని పైనుంచి తిట్లు, సంజాయిషీలు. ఉద్యోగం చేసినంతకాలం ఆ భయం ఆయన ఒంట్లో ఇంకుతూ వచ్చింది. ఇంట్లో మిక్సీ కూడా చప్పుడు చేస్తుంటే ఆపకుండా స్క్రూడ్రైవర్ పెట్టే మనిషి. పైగా ఆ ఎండలో ఏసీ ఆపాలని ఎవరికుంటుంది? అందుకే ఆపలేదు.

ఇంకో వింత ఏమిటంటే, ఆ చప్పుడు ఒక వారం పొద్దున వస్తే ఇంకో వారం మధ్యాహ్నం దాటాక వచ్చేది. కొన్నాళ్ళు రాత్రిళ్ళు సతాయించేది. వోల్టేజీ తేడా అన్నారు నాన్న. అమ్మ పడీ పడీ నవ్వింది. "దీనికి కూడా షిఫ్ట్ డ్యూటీ వేసీసినట్టున్నారేటి!" అంది. మేమూ నవ్వాం. ప్లాంటు మనుషులం, షిఫ్టుల మీద నవ్వకపోతే ఇంక దేని మీద నవ్వుతాం.

పక్క క్వార్టర్లో ఉండే అతను ప్లాంటులోనే ఆఫీసరు, షిఫ్ట్ డ్యూటీ. మన తెలుగువాడే. ఈ ఊళ్ళోనే ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగి, తెలుగు కంటే హిందీ బాగా మాట్లాడతాడు. వీధి మొత్తానికి ముద్దుబిడ్డ. ఎవరింట్లో సిలిండర్ మోయాలన్నా, గణేశ్ పండక్కి పందిరి వేయాలన్నా ముందుండేవాడు. అతని భార్యను శ్రీకాకుళం వైపు నుంచి చేసుకొచ్చాడు. ఆ అమ్మాయికి హిందీ రాదు. బట్టలు ఆరేసేటప్పుడు కనిపిస్తే నవ్వేది, అంత ఎండలోనూ మోచేతులు దాటిన జాకెట్టుతో. పలకరిస్తే లోపలికి వెళ్ళిపోయేది. పొగరు అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం అతను మా గుమ్మం ముందు నిలబడి ఉంటే అమ్మ ఏసీ గోల మొదలుపెట్టింది. తన హాస్యం మళ్ళీ ఒకసారి వాడుకుంది. "నీతోపాటే డ్యూటీ ఎక్కుతాది బాబూ మా ఏసీ. నువ్వు అటెళ్ళగానే ఇది ఠంగు ఠంగు మంటాది. నువ్వొచ్చీసరికి దిగిపోతాది."

అతను నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడని నాకిప్పుడు అనిపిస్తోంది. అప్పుడేమీ అనిపించలేదు.

లోపలికొచ్చి స్టాండును రెండు చేతులతో ఊపి చూశాడు. "అంకుల్, ఈ కాలు దీవార్‌కి తగుల్తోంది. వైబ్రేషన్ అంతా ఇక్కడే. రబ్బరు పెట్టీస్తే ఖతం" అన్నాడు. మర్నాడు కన్వేయర్ బెల్టు ముక్కలు తెచ్చాడు, బొటనవేలంత మందం, నల్లగా. గునపం మొన దూర్చి స్టాండు కాలును గోడ నుంచి ఎత్తి, ఆ సందులో రబ్బరును సుత్తితో బాది బాది దిగ్గొట్టాడు. చేతుల నిండా నరాలు తేలాయి. గోడ సున్నం రాలి మా పరుపు మీద పడింది.

"దీదీ, ఇంక హాయిగా పడుకోండి" అన్నాడు. నేను స్వయంగా టీ పెట్టి ఇచ్చాను. వెళ్ళాక అమ్మ "బంగారంలాంటి కుర్రాడు" అంది. నేనూ అవునన్నాను.

ఠంగుమనడం నిజంగానే పోయింది. హాయిగా పడుకున్నాను.

కొన్నాళ్ళకు ఇంకో చప్పుడు పుట్టింది. ఇది రేకు మోగినట్టు లేదు. ధబ్, అని బరువుగా, మంచం కోళ్ళలోంచి పైకి వచ్చేది. మధ్యాహ్నం రెండు దాటి, ఫస్టు షిఫ్టు వాళ్ళ స్కూటర్లు వీధిలోకి వచ్చాక మొదలయ్యేది. ఆ రోజు నిద్ర పట్టీ పట్టకముందే ధబ్ మంది. మళ్ళీ ధబ్. నా తల పగిలిపోయింది. ఏసీ మీదకు దూకి తిట్టరాని తిట్లు తిట్టి, తీగ రెండు చేతులా పట్టుకుని లాగాను. ప్లగ్గుతోపాటు సాకెట్టు కూడా గోడలోంచి ఊడి, నిప్పురవ్వలు చిమ్మి, చెక్కతో సహా కిందపడింది. ఏసీ గురగురమని చచ్చిపోయింది.

ధబ్.

నేను చేతిలో తీగతో అలాగే నిలబడ్డాను. ఏసీ ఆగిపోయింది. చప్పుడు ఆగలేదు.

నేను లాగిన చప్పుడుకు కాదు, కరెంటు పోయిందేమోనని నాన్న వచ్చారు. "ఏటే అలా నిలబడిపోయావు? ఏటయింది?" అని అరిచారు. నేను గోడ వైపు చూపించాను. ఆయన స్క్రూడ్రైవర్ తీసి అలవాటుగా ముందు ఏసీకే పెట్టారు. చచ్చిన యంత్రం, ఏం వినపడుతుంది? తర్వాత మొన గోడకు ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. సన్నటివి ఆయనకు అందవు గానీ బరువైనవి అందుతాయి. కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖం పాలిపోయింది.

"మనిషే" అన్నారు. జన్మలో మొదటిసారి ఆయన గొంతు తగ్గించడం విన్నాను.

స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోంచి లాక్కుని పరుగెత్తాను. నాన్న నా వెనకే. పక్కింటి తలుపును పిడికిళ్ళతో, కాళ్ళతో బాదాను. లోపల టీవీ పెద్దగా పెట్టి ఉంది. కాసేపటికి అతను తలుపు కొంచెం తీశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. రొప్పుతున్నాడు. అయినా నవ్వాడు.

"క్యా హువా దీదీ? మళ్ళీ ఏసీయేనా?"

నాన్న తలుపును భుజంతో నెట్టారు. అతను ఆయన రొమ్ము మీద రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోశాడు. నాన్న వెనక్కి పడి, మెట్టు అంచు తలకు తగిలి, తెల్లటి బనీను మీదకు నెత్తురు కారింది. ఆ నెత్తురు చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు. స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీ వైపు పట్టుకుని కర్ర పిడితో అతని మోచేతి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఎముక టక్కుమంది. అతను అరిచి వంగాడు. మళ్ళీ కొట్టాను, భుజం మీద, వీపు మీద. అబద్ధమెందుకు, ఎముక విరిగిన ఆ చప్పుడు నాకు చాలా బాగుంది. ఇప్పటికీ తలుచుకుంటే బాగుంటుంది. వీధిలోవాళ్ళు పరుగున వచ్చి ముందు నన్నే పట్టుకున్నారు, పిచ్చెక్కిందనుకుని. "లోపలికెళ్ళి చూడండ్రా!" అని నాన్న నేల మీద నుంచే మిల్లులో అరిచినట్టు అరిచారు. అప్పుడు అతన్ని పట్టుకున్నారు.

పడకగదికి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. మా వెనకే వచ్చిన అమ్మ తీసింది. ఆ అమ్మాయి గోడకూ మంచానికీ మధ్య కూలబడి ఉంది. నోట్లో తువ్వాలు కుక్కి ఉంది. గోడ మీద తల ఎత్తున తడి మరక. కుడిచేతి వేళ్ళు రెండు వాచి, నల్లబడి, ఉండకూడని వైపుకు తిరిగి ఉన్నాయి. అవి ఆ రోజు విరిగినవి కావు.

అమ్మ తువ్వాలు లాగి ఒళ్ళోకి తీసుకుంది. మంచం కింద ఇత్తడి గ్లాసు ఒకటి, అంచు నొక్కుకుపోయి పడి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని ఆ అమ్మాయి గమనించింది.

"నేనే కొట్టీదాన్నక్కా" అంది. పెదవి చిట్లి మాట ముద్దగా వచ్చింది. "ఆయన డ్యూటీకెళ్తూ గడియెట్టీసి ఎళ్ళిపోతాడు. అరిస్తే ఈదిలోవోళ్ళు ఆయనకే చెప్తారు. గోడ కొడితే మీ స్టాండు మోగుతాది కదా, మీరొచ్చి అడుగుతారని."

అమ్మ పైట చెంగుతో ఆమె పెదవి ఒత్తింది.

"ఆయనకెలా తెలిసిందో తెలీదు. ఓ రోజొచ్చి నా ఏళ్ళు ఎనక్కి ఒంచీసినాడు. ఏసీ డ్యూటీ దిగిందా, దిగిందా అని అడుగుతా ఒంచినాడు. మర్నాడు రబ్బరెట్టీసినాడు. ఎడం చేత్తో కొట్టాను గానీ మరి మోగలేదక్కా."

ఆమెకు ఆ మాట ఎవరిదో తెలియదు. అమ్మకు తెలుసు. అమ్మ ఆ పిల్ల తలను రొమ్ముకు అదుముకుని, తన నోటి మీద తనే అరచేత్తో కొట్టుకుంది. ఆపబోతే నా చేతిని విదిలించి మళ్ళీ కొట్టుకుంది.

ఆసుపత్రి, పోలీసులు, అతని అరెస్టు, సాక్ష్యాలు అన్నీ అయ్యాయి. అతని చెయ్యి విరిచినందుకు నన్నూ స్టేషనుకు తిప్పారు. తిరిగాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఈ ఊళ్ళోనే కోహ్కాలో, దూరపు వరస అక్క ఒకామె దగ్గర ఉంటోంది, బట్టలు కుడుతోంది. రెండు వేళ్ళు మాత్రం వంగవు. అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంది. వచ్చినప్పుడు అమ్మ వంటింట్లోంచి బయటకు రాదు. కావలసినవన్నీ వండి, నా చేత వడ్డింపిస్తుంది. అమ్మ ఇంట్లో హాస్యమాడి చాలా కాలమైంది.

ఆ రబ్బరు ముక్కలను నేనే గునపం పెట్టి పెరికాను. గోడ పెచ్చులూడినా వదల్లేదు. స్టాండు కాలు మళ్ళీ గోడకు తగులుతోంది, మళ్ళీ మోగుతోంది. చుట్టాలు వచ్చి ఏటీ గోల, బాగు చేయించుకోరాదా అంటారు. అన్నవాళ్ళను కసురుతాను. పక్క క్వార్టర్‌లోకి కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళకు ఎప్పుడూ బంతితో ఆడే చిన్నపిల్ల ఉంది. మధ్యాహ్నం పూట ఠంగుమంటే నాన్నే లేచి వెళ్ళి ఏసీ ఆపేస్తారు. నడిచేదాన్ని ఆపనివ్వని మనిషి, ఆపి, స్క్రూడ్రైవర్ గోడకు పెట్టి, చెమటలు కారుతుండగా వింటారు. నేను ఆయన ముఖం చూస్తూ పక్కనే నిలబడతాను.

"బంతే" అంటారు. అప్పుడు స్విచ్ వేస్తాను.