చెల్లెలి ఫోనుకు వెళ్లిన ఓటీపీ

చెన్నైలో కోడంబాక్కం స్టేషను పక్క సందులో, మేడమీద నా ఆఫీసు. ఆఫీసంటే పెద్ద మాట. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసిపెట్టే నేను. నా నోరు మంచిది కాదని ఇక్కడికొచ్చే అందరికీ తెలుసు. అయినా వస్తారు.

వాళ్లలో సినిమావాళ్లకు బట్టలు కుట్టే ఒక అక్కంటే నాకు ప్రాణం. కంపెనీలు ఆమె కూలిలో ముందే పన్ను పట్టుకుంటాయి. రిటర్ను వేస్తే అది వెనక్కొస్తుంది. ఆ ఏడు ఆ డబ్బుతో, బట్టల అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనాలని ఆమె ఆశ.

రిటర్ను వేశాను. ముప్పై రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఖరారు చేయకపోతే వేసినా వేయనట్టే. ఆధార్‌కు ఇచ్చిన నంబరున్న ఫోను రేపు తెస్తానంది. ఆ రేపు నెలంతా రాలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం పిలిపించి గట్టిగా కసిరాను.

"ఆ నంబరు నాది కాదు పాపా," అంది తల వంచుకుని. "రాయపురంలో ఉండే మా చెల్లెలిది. ఆధార్ తీసినప్పుడు ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటిమి. దానికే ఫోనుండె."

తల్లి పోయాక ఆ తల్లి కుట్టుమిషనును చెల్లెలు పట్టుకెళ్లిందట. సూదిలో దారమెక్కించడం రానిదానికి మిషనెందుకని ఈవిడ అడిగిందట. అంతే, ఆరేళ్లుగా మాటామంతీ లేదు.

"మీ పంతం పాడుగాను. ఫోన్ చెయ్యండక్కా."

"అది ఎత్తదు."

"ఎత్తకపోతే ఓవర్‌లాక్ సంగతి మరిచిపోండి."

ఓటీపీ పంపాను. పదిహేను నిమిషాలే గడువు. ఆమె స్పీకరు పెట్టి ఫోను బల్లమీద ఉంచింది. మొదటిసారి మోగి మోగి ఆగింది. రెండోసారి ఎత్తారు గానీ ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పరు. నాకు ఓపిక చచ్చి, నేనే సంగతి చెప్పాను.

అవతలామె ఆరంకెలూ ఒక్కొక్కటే చదివింది. "సరిగా వినబడిందా? ఇంకో తూరి చెప్పేదా?" అని అడిగింది. తెరమీద పచ్చ టిక్కు పడింది.

"అయిపోయిందక్కా, పెట్టేయండి," అన్నాను. అక్క పెట్టలేదు. చెల్లెలూ పెట్టలేదు.

"అక్కా," అంది చివరికి చెల్లెలు. "అమ్మ మిషను బెల్టు తెగిపోయింది."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లాయ."

"మరి నాలుగేండ్లుగా దాంతో ఏం చేస్తా ఉండావే?"

"ఏం చేసేది. రోజూ తుడస్తా ఉండా."

అక్క కళ్లు నిండిపోయాయి. నా కళ్లూ నిండాయి, ప్రింటరువైపు తిరిగి కాగితాలు సర్దాను.

"ఈడికి తీసుకురా," అంది అక్క. "బెల్టు నేనేస్తా. ఏసినాక మిషను నీ ఇంటికే పట్టకపో."

ఆ తరువాత రిఫండు పడింది. పడిందో లేదో ఆమె అడగనే లేదు. నేనే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.