షావలి పలకని పేరు

షావలికి బీపీ లేదు, సుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. "మద్రాసీ" అని పిలిస్తే పలకడు.

దుబాయ్‌లో ఈ జబ్బుతో బతకడం కష్టం. ఉత్తరాది వాళ్ళ లెక్కలో మనం దక్షిణాన ఎక్కడ పుట్టినా మద్రాసీలమే. నన్నూ అలాగే పిలిచేవారు. నాది తెనాలి. నాయిఫ్ బజారులో విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో గుమాస్తాని. వీరరాఘవరావు అన్నంత పొడుగు పేరు పలికే ఓపిక అక్కడ ఎవరికుంది? మద్రాసీ అంటే పలికేవాణ్ణి, పోసిన టీ తాగేవాణ్ణి. మా పక్క షాపులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షావలి మాస్టరు మాత్రం ఆ మాట వినగానే కత్తెర బల్ల మీద పెట్టి లేచి నిలబడేవాడు.

"ఆంధ్రా! కడప జిల్లా, ప్రొద్దుటూరు! మద్రాసు నుంచి మేం ఇడిపోయి యాభై ఏండ్లు దాటె. దానికోసరం ఒకాయన అన్నం మానుకోని పానం ఇడిసినాడు. ఊరికే వచ్చిందనుకుంటాండారా?"

ఇదంతా హిందీలోనే మొదలయ్యేది. కోపం ముదిరేసరికి తెలుగులోకి దిగిపోయేవాడు. వినేవాళ్ళకి అది అచ్చంగా మద్రాసీ భాషలా వినపడేది. అతని రూములో ఉండే కరీంనగర్ వాళ్ళు "మేం మీ నుంచి ఇడిపోతమంటున్నం గదా భాయ్, దానికేమంటవ్?" అని గిల్లితే మాత్రం మనవాడికి చెవులు పనిచేసేవి కావు.

ఈ జబ్బుతోనే కల్బా ఊళ్ళో ఒక షాపులో పని పోగొట్టుకున్నాడు, షార్జాలో ఇంకొకచోట. చేతిలో పనితనం ఉంది కాబట్టి నాయిఫ్‌లో లక్నో వాడైన అయూబ్ సేఠ్ చేరదీశాడు. రెండువేల ఏడు చివర్లో సేఠ్ ఒక మాట చెప్పాడు. ఆడవాళ్ళ కొలతలు తీయడానికి షాపులో ఆడమనిషి కావాలి. ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే షావలి భార్య ఫాతిమున్నీసాకే వీసా తీయిస్తాడు. షరతు ఒక్కటే. పేరు గురించి ఇంకోసారి గొడవ పెట్టుకుంటే ఖలాస్. ఆమె రాదు, ఇతనూ ఉండడు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇద్దరూ చేసింది సెలవుల కాపురమే. ఆమె గొంతు ఫోన్లో నాకూ తెలుసు. ఫోను షావలి చెవి దగ్గర ఉన్నా మా ఆఫీసులోకి వినపడేది. షావలి షరతుకి ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో షావలి షాపుకి మార్యు అనే ఆవిడ వచ్చింది. పొడుగ్గా ఉంటుంది, గోధుమరంగు జడ, జెబెల్ అలీ రేవులో, ఓడల్లో సరుకు పంపే కంపెనీలో ఉద్యోగం. సంచిలోంచి నిలువు చారల ఉన్ని స్కర్టు తీసింది. వాళ్ళమ్మదట, నడుము దగ్గర వదులు చేయాలట. ఆ రోజుల్లో నాయిఫ్‌కి రష్యా వాళ్ళు మూటలకొద్దీ సరుకు కొనడానికి వచ్చేవారు. అందుకని షావలి నాలుగు రష్యన్ ముక్కలు నేర్చుకుని, తెల్లతోలు కనపడితే చాలు విసిరేవాడు.

"ప్రివ్యేత్! రష్యా మేడమ్, ఖరషో!" అన్నాడు పళ్ళన్నీ చూపిస్తూ.

"నేను రష్యన్‌ని కాదు" అంది ఆమె ఇంగ్లీషులో.

"రష్యా, ఉక్రెయిన్, సేమ్ సేమ్!"

ఆమె స్కర్టు మడిచి బల్ల మీద కొట్టింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది, కోపం ముదిరేసరికి తన భాషలోకి దిగిపోయింది. షావలి హడలిపోయి నా కోసం కేక వేశాడు. నేను వెళ్ళి ఆమెకు టీ తెప్పించి, చెప్పిందల్లా తెలుగు చేశాను.

ఆమెది ఎస్టోనియా. దేశం మొత్తం కలిపినా కడప జిల్లాలో సగం మంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోవియట్ వాళ్ళు కలిపేసుకున్నారు. సొంత జెండా ఇంట్లో దొరికితే జైలే. బడిలో రష్యన్ చదవక తప్పదు. దాదాపు అయిదు దశాబ్దాలు గడిచాక ఒక వేసవిలో జనం మైదానంలో చేరి, నిషేధించిన పాటలు పాడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడు పక్కనున్న రెండు దేశాల వాళ్ళతో కలిసి, మూడు దేశాల పొడవునా రోడ్డు మీద చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు మార్యు బడిపిల్ల. ఒక చేత్తో వాళ్ళమ్మను పట్టుకుంది, రెండో చేత్తో వాళ్ళమ్మకు ఏళ్ళ తరబడి మాటల్లేని పక్కింటావిడను పట్టుకుంది. ఇంకో రెండేళ్ళకు మాస్కోలో పెద్దలు తమలో తాము కొట్టుకుంటుంటే, ఆ సందు చూసి "మా దేశం మాది" అని ప్రకటించేశారు.

షావలికి ఈ కథ పూర్తిగా నచ్చలేదు. "పాటలు పాడితే ఇచ్చేసినారా? మాకు మనిషే పాయ గదా సార్!" అన్నాడు నాతో, ఈర్ష్యగా.

నేను అది చెబితే మార్యు మొదటిసారి నవ్వింది. "మా వాళ్ళూ చాలామంది పోయారు, పాటల కంటే ముందే" అంది. తర్వాత స్కర్టు విప్పి చూపించింది. వాళ్ళ దేశంలో ఆ చారల వరస చూసి, కట్టుకున్నామెది ఏ ఊరో చెప్పేస్తారట. ఆ మాటతో షావలి కరిగాడు. చీర అంచు చూసి వెంకటగిరిదో గద్వాలదో చెప్పగలవాడు కదా! "ఒక్క చార గూడా తెగనీయను, చెప్పండి సార్ ఆమెకు" అన్నాడు.

అప్పుడే లోపలి నుంచి అయూబ్ సేఠ్ కేక. "అరే మద్రాసీ! ఇధర్ ఆ!"

షావలి కత్తెర పెట్టి లేచాడు. నోరు తెరిచాడు. "జీ, సేఠ్" అన్నాడు, లోపలికి వెళ్ళాడు.

అతని మొహం ఎందుకలా అయిందని మార్యు అడిగింది. మద్రాసు సంగతీ, వీసా సంగతీ చెప్పాను. షావలి తిరిగి వచ్చాక ఆమె అంది. "మా నాన్న పనిచోట రష్యన్‌లో 'దా, దా', అంటే 'సరే, సరే' అని తలూపేవాడు. ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొట్టేవాడు."

"నా కాడ గిన్నెలు గూడా ల్యా. మెస్సులో తింటాండా" అన్నాడు షావలి.

నడుము వదులైంది, ఒక్క చార తెగలేదు. సోవియట్ వాళ్ళు రాకముందు, పందొమ్మిది వందల పద్దెనిమిదిలో మొదట ఏర్పడ్డ వాళ్ళ దేశం తొంభయ్యో పుట్టినరోజు పండక్కి మార్యు దాన్ని కట్టుకుంది. ఆ తర్వాత ఏ తెల్లావిడ వచ్చినా షావలి ముందు దేశం అడిగేవాడు. "ఎస్టోనియానా మేడమ్?" అన్నందుకు ఒక అసలైన రష్యావిడ అలిగి వెళ్ళిపోయింది కూడా.

సేఠ్ కేకలకు మాత్రం నెలల తరబడి "జీ" అంటూనే ఉన్నాడు. నేను రోజూ సిగ్గులేకుండా అనే మాటే అది. నిజం చెప్పొద్దూ, అతని నోట వినలేకపోయాను.

సెప్టెంబరులో ఫాతిమున్నీసా వచ్చింది. ఆమె పనిలోకి దిగిన మొదటిరోజు, ఉపవాసాలు విడిచే వేళ దాటాక, నేను మిఠాయి పట్టుకుని షాపుకి వెళ్ళాను. రంజాన్ పండగ బట్టల రోజులు. కొలతలకు అరబ్బు ఆడవాళ్ళు తెర పక్కన బారులు తీరి ఉన్నారు. ఆమె మెడలో టేపుతో, తెర ముందు నిలబడి ఉంది.

"మద్రాసీ! ఓ మద్రాసీ!" లోపలి నుంచి సేఠ్.

షావలి లేవబోయాడు. ఫాతిమున్నీసా అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు యాడికి పోతాండావు? మద్రాసాయన్ని గదా పిలుస్తాండాడు? ఆయప్పకు చెవుడేమో పాపం. నువ్వు నీ పని చూసుకో."

ఆ పిలుపు సంగతీ, సేఠ్ షరతు సంగతీ షావలి ఫోన్లో ఒక్కసారీ చెప్పుకోలేదన్నమాట. అతను నా వైపు చూశాడు. నేను మిఠాయి పొట్లం వైపు చూశాను. రెండోసారి కేక వినపడింది. షావలి లేవలేదు.

సేఠ్ చిటపటలాడుతూ బయటికొచ్చాడు. ఫాతిమున్నీసా అతనికి ఎదురెళ్ళి, నాయిఫ్ బజారంతా వినపడేట్టు చెప్పింది.

"ఈడ మద్రాసోళ్ళు ఎవురూ ల్యా సేఠూ! నేనూ మా ఆయనా, ఇద్దరమే ఉండాము!"

నేను హిందీ చేయబోయాను గానీ అవసరం పడలేదు. సేఠ్ ఆమెను చూశాడు, బారులు తీరిన ఆడవాళ్ళను చూశాడు, ఆమె మెడలోని టేపును చూశాడు. ఖలాస్ అనే మాట గొంతు దాకా వచ్చి ఆగింది. చివరికి షావలి వైపు తిరిగి, కాస్త తగ్గి అడిగాడు.

"క్యా నామ్ హై తేరా?"

ఏళ్ళ తరబడి పని చేయించుకున్నవాడు నీ పేరేమిటని అడుగుతున్నాడు. షావలి కత్తెర బల్ల మీద పెట్టి, లేచి నిలబడి తన పేరు చెప్పాడు.