ఖాళీ వాటాలో ఆరేసిన లుంగీ

ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చిన మనిషిని మీరు మొదట ఏమడుగుతారు? ఎంతమంది ఉంటారనా, అడ్వాన్సు ఎంతిస్తారనా? నిజం చెప్పండి. ఆ రోజుల్లో ఈ ప్రశ్నకు నేనూ అబద్ధమే చెప్పేవాణ్ణి.

జగ్గయ్యపేట సభల్లో కులనిర్మూలన మీద గంటసేపు మైకు వదలకుండా మాట్లాడి (చప్పట్లు లెక్కపెట్టుకుంటూ) బస్సెక్కి నందిగామ చేరే వయసు నాది. ఉద్యోగం వచ్చిన రెండో ఏడే మా పెదనాన్న నా చేత బ్యాంకు లోను తీయించి రెండు వాటాల మేడ కట్టించాడు. "రెండద్దెలూ కలిపితే వాయిదా పోను నీకింకా మిగులుద్దిరా. ఇల్లే ఇంటి అప్పు తీర్చుకుంటది" అనేవాడు. ఆయన లెక్కలో ఖాళీ వాటా అనేది లేదు. నేను మాత్రం పెరట్లో రేకుల గదిలో ఉండేవాణ్ణి (యజమానిని కదా).

కింది వాటాలో పిల్లల చదువుల కోసం ఒక రైతు కుటుంబం దిగింది. పై వాటాకి టు-లెట్ బోర్డు కట్టిన మూడో రోజు ఒక సైన్సు మాస్టారు వచ్చాడు. ముక్త్యాల నుంచి రోజూ రెండు బస్సులు మారి మా వీధి అవతలి బడికి వస్తాడట. తల్లికి ఆయాసం, నెలకు నాలుగుసార్లు ఆమెను ఇక్కడి ఆసుపత్రికి తేవాలి. ఆసుపత్రి మా వీధి చివరే. అడ్వాన్సు జేబులో పెట్టుకునే వచ్చాడు. నేను పంపు తిప్పి నీళ్లు చూపిస్తుండగా కింది వాటా ఆయన మెట్లెక్కి వచ్చి, "మీ ఇల్లు ఊళ్లోనా మాస్టారూ, పేటలోనా?" అన్నాడు. పేట అంటే ఊరి చివరి దళితవాడ; కులం పేరెత్తకుండా కులం అడగడానికి మావాళ్లు కనిపెట్టిన మర్యాద అది.

"పేటలోనేనండి" అన్నాడు మాస్టారు, నా వైపు చూస్తూ.

కింది వాటా ఆయన నన్ను పక్కకు పిలిచి, ఇతన్ని దించితే తాము వచ్చే నెలే ఖాళీ చేస్తామన్నాడు. వాయిదా కళ్లముందు ఆడింది. మైకు లేనిచోట నా కులనిర్మూలన పనిచేయలేదు. "ఇందాకే ఫోనొచ్చిందండి, వేరేవాళ్లకి మాటిచ్చేశా" అన్నాను మాస్టారితో.

అబద్ధం ఆడాక బోర్డు ఉంచకూడదు కదా. మాస్టారు బడికెళ్లేది మా వీధి మీదుగానే. బోర్డు పీకేశాను. బోర్డు లేని ఇంటిని ఎవరూ అడగరు. ఎవరైనా దిగినట్టు కనబడాలని కిటికీకి పరదా కట్టి, పొద్దున్నే మేడెక్కి దండెం మీద నా లుంగీలు ఆరేసేవాణ్ణి. అలా నాలుగు నెలలు నా జీతంలోంచి ఆ లుంగీలకు అద్దె కట్టాను.

పెదనాన్న వచ్చి, కొత్తవాళ్లు ఎవరని అడిగాడు. చెప్పక తప్పలేదు. అంతా విని దండెం వైపు చూసి, "మరి ఈ లుంగీలది ఊరా, పేటా, చెప్పరా?" అన్నాడు.

కింది వాటా పోతే పోనీ అనుకున్నాను. మర్నాడు తాళంచెవి పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. వాటా ఖాళీ అయిందని, ఎప్పుడైనా దిగొచ్చని మాస్టారికి చెప్పాను. ఆయన తాళంచెవి అందుకోలేదు.

"అమ్మ పోయి పది రోజులైందండి. ఆసుపత్రికి తెస్తుంటే బస్సులోనే." కోపం లేకుండానే ఇంకో మాట అన్నాడు: "మీ మేడ మీద ఆరేసే ఆకుపచ్చ లుంగీ మొదటి రోజు మీ ఒంటి మీదే చూశానండి." గంట కొట్టారు. లోపలికి వెళ్లిపోయాడు.

లోకాన్ని మార్చడానికి బయల్దేరి, పొద్దున్నే దొంగలా మేడెక్కి సొంత లుంగీలు ఆరేసిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు బస్సు దాకా వెళ్లి ఆగిపోతుంది.

మీ గేటుకు బోర్డు వేలాడుతోందా? మొదట వచ్చిన మనిషిని ఊరా, పేటా అని అడక్కండి. తాళంచెవి ఆ చేతిలో పెట్టండి. ఇవాళే.